కథ మనదే, మరి ఫైలు ఎవరిది? స్క్రిప్టు రాసే సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకోవడం, వాడుకోవడం

ఈ రోజు షార్ట్ ఫిల్మ్ తీయాలంటే లక్షల రూపాయల కెమెరా అక్కర్లేదు. హాస్టల్ గదిలో నలుగురు కూర్చుంటే కథ పుడుతుంది. సెలవులకు ఊరెళ్ళినప్పుడు ఫోనుతోనే షూటింగ్ అయిపోతుంది. ఎడిటింగూ ఫోనులోనే. ఇంతా చేశాక ఆ కథ ఎక్కడ రాసి ఉంది అని అడిగితే మాత్రం జవాబు దొరకదు. సగం నోటుబుక్కులో, కొంత వాట్సాప్ వాయిస్ మెసేజుల్లో, మిగతాది డైరెక్టర్ తలలో ఉంటుంది.

సినిమా ఆగిపోయినా కథ మిగలాలి. అదే కథ, అవే మాటలు రేపు ఇంకెవరి పేరుతోనో కనిపిస్తే, ఇది మేం ఫలానా తేదీన రాశామని చూపించుకోగలగాలి. వాడల నుంచి, మన అవ్వల నోళ్ళ నుంచి కథలు, పాటలు, నుడికారాలు పట్టుకెళ్ళి టైటిల్స్‌లో పేరు వేయకపోవడం కొత్త సంగతేమీ కాదు. కథ నోటితో చెప్పి వచ్చినవాళ్ళ దగ్గర సాక్ష్యం ఉండదు. రాసి పెట్టుకున్నవాళ్ళ దగ్గర ఉంటుంది. అందుకే స్క్రిప్టు సాఫ్ట్‌వేర్ అన్నది పైకి సాంకేతిక విషయంగా కనిపించినా, మన వరకు అది హక్కుల విషయం కూడా.

బజారులో ఇలాంటి సాఫ్ట్‌వేర్లు డజన్ల కొద్దీ ఉన్నాయి. ఏది గొప్పదన్న చర్చలోకి మేము వెళ్ళడం లేదు. దేన్ని తీసుకున్నా ముందు మూడు ప్రశ్నలు వేయమంటున్నాం. ఫైలు మన చేతిలో ఉంటుందా? మనం మాట్లాడే తెలుగు అందులో పడుతుందా? మన దగ్గరున్న ఫోనుకీ, మన జేబుకీ సరిపోతుందా? ఈ వరసలోనే అడగాలి. చాలామంది ఖర్చుతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు.

అసలు ఈ సాఫ్ట్‌వేర్ చేసే పని ఏమిటి?

తెలుగు సినిమాలో చాలాకాలంగా నడిచిన పద్ధతి రెండు వరసల కాగితం. ఎడమ పక్కన దృశ్యం, కుడి పక్కన సంభాషణ. సెట్‌లో నటులకు ఇచ్చే సీన్ పేపరు అలాగే ఉండేది. హాలీవుడ్ పద్ధతి వేరు. అక్కడ అన్నీ ఒకే వరసలో పైనుంచి కిందికి నడుస్తాయి. సాఫ్ట్‌వేర్లన్నీ ఈ రెండో పద్ధతి మీదే కట్టినవి. కాబట్టి అందులోని భాగాలు తెలిసి ఉండాలి.

మొదటిది సీన్ హెడింగ్. సీను లోపల జరుగుతుందా బయటా, ఏ చోట, పగలా రాత్రా అన్నది ఒక్క లైనులో చెబుతుంది. రెండోది యాక్షన్: తెర మీద కనిపించేది, వినిపించేది. మూడోది మాట్లాడే పాత్ర పేరు. దాని కింద, అవసరమైతే బ్రాకెట్లలో ఎలా మాట్లాడుతుందో ఒక చిన్న సూచన. ఆ కింద డైలాగు. చివర, కావాలంటే, కట్, డిజాల్వ్ లాంటి ట్రాన్సిషన్.

సాఫ్ట్‌వేర్ లేకుండా వర్డ్‌లో ఇవన్నీ రాయొచ్చు. కాకపోతే ప్రతిసారీ మార్జిన్ జరుపుకోవాలి, పాత్ర పేరు మళ్ళీ మళ్ళీ టైప్ చేయాలి, మధ్యలో ఒక సీను తీసేస్తే కింది నంబర్లన్నీ మార్చుకోవాలి. స్క్రిప్టు సాఫ్ట్‌వేర్‌లో ఎంటర్, ట్యాబ్ కీలు నొక్కితే ఒక భాగం నుంచి ఇంకో భాగంలోకి వెళ్ళిపోతాం. పాత్ర పేరు మొదటి అక్షరం కొట్టగానే మిగతాది అదే వస్తుంది. సీన్లను కార్డుల్లా పరచి ముందూ వెనకా జరపొచ్చు. ఏ పాత్ర ఏ సీన్లలో ఉంది, ఏ లొకేషన్‌లో ఎన్ని సీన్లున్నాయి అన్న జాబితా ఒక్క నొక్కుతో వస్తుంది. ఇంతకు మించి మాయ ఏమీ లేదు. కథ రాసేది మనమే.

మొదటి ప్రశ్న: ఫైలు మన చేతిలో ఉంటుందా?

సెల్టెక్స్ కథ చూస్తే ఈ ప్రశ్న ఎందుకో తెలుస్తుంది. కెనడాలో పుట్టిన ఈ సాఫ్ట్‌వేర్ ఒకప్పుడు పూర్తిగా ఉచితం. కంప్యూటర్‌లో దించుకుని ఎవరైనా వాడుకునేవారు. డబ్బులేని విద్యార్థులకు, చిన్న చిత్రాలు తీసేవాళ్ళకు అదే దిక్కుగా ఉండేది. తర్వాత కంపెనీ దాన్ని ఆన్‌లైన్ సేవగా మార్చి చందా పెట్టింది. పాత ఉచిత ప్రోగ్రాం అభివృద్ధి ఆగిపోయింది. పాత ఫైళ్ళు మాత్రం ఎందరి హార్డ్ డిస్కుల్లోనో మిగిలాయి.

మీ దగ్గరా అలాంటి పాత సెల్టెక్స్ ఫైలు ఉంటే పారేయకండి. అది లోపల జిప్ ఫైలే. ఒక కాపీ తీసి, పేరు చివర జిప్ అని మార్చి తెరిస్తే లోపల హెచ్‌టీఎంఎల్ ఫైలుగా స్క్రిప్టు కనిపిస్తుంది. బ్రౌజర్‌లో చదువుకోవచ్చు, కాపీ చేసుకోవచ్చు.

ఏ కంపెనీ అయినా రేపు ధర పెంచొచ్చు, మూత పడొచ్చు, ఇంకో కంపెనీ కొనుక్కోవచ్చు. అప్పుడు మన స్క్రిప్టు వాళ్ళ తాళం వెనక ఉండిపోకూడదు. కాబట్టి కొత్త సాఫ్ట్‌వేర్ తెరిచిన మొదటి రోజే పది లైన్లు రాసి, బయటికి తీసి చూడండి. ఏయే రూపాల్లో బయటికి ఇస్తోంది? ఉచిత ఖాతాలో కూడా ఇస్తోందా? బయటికొచ్చిన కాగితం మీద కంపెనీ ముద్ర పడుతోందా?

మూడు రూపాలు తెలిసి ఉంటే చాలు. ఒకటి ఎఫ్‌డీఎక్స్. ఇది ఫైనల్ డ్రాఫ్ట్ ఫైలు. లోపల ఎక్స్‌ఎంఎల్ అనే మామూలు టెక్స్టే ఉంటుంది కాబట్టి మిగతా సాఫ్ట్‌వేర్లు చాలావరకు దీన్ని చదవగలుగుతున్నాయి. రెండోది ఫౌంటెన్. స్క్రీన్‌ప్లే రచయిత జాన్ ఆగస్ట్, స్టూ మాష్విట్జ్, మరికొందరు కలిసి 2012లో దీన్ని బయటపెట్టారు. ఇది సాఫ్ట్‌వేర్ కాదు, రాసే పద్ధతి. నోట్‌ప్యాడ్‌లో రాసినా, ఫోనులో రాసినా అదే ఫైలు. ఏ కంపెనీ ఉన్నా పోయినా అది తెరుచుకుంటుంది.

మూడోది పీడీఎఫ్. ఇతరులకు పంపడానికి, తేదీతో దాచుకోవడానికి ఇదే మంచిది. అయితే పీడీఎఫ్ ఒక్కటే ఉంచుకుని అసలు ఫైలు పోగొట్టుకుంటే ఇబ్బందే. తెలుగు పీడీఎఫ్ నుంచి కాపీ చేసినప్పుడు ఒత్తులు, గుణింతాలు చెల్లాచెదురు కావడం తరచూ జరుగుతుంది. తిరిగి టైప్ చేసుకోవాల్సి వస్తుంది.

రెండో ప్రశ్న: మన తెలుగు అందులో పడుతుందా?

ఈ సాఫ్ట్‌వేర్లు ఇంగ్లీషు కోసం పుట్టాయి. తెలుగు రాయబోతే నాలుగు చోట్ల తట్టుకుంటాం.

మొదటిది అక్షరాల సంకేతం. యూనికోడ్ తెలుగు అయితే ఫోను, కంప్యూటర్, ఇంటర్నెట్ అన్నిటా ఒకేలా కనిపిస్తుంది, వెతికితే దొరుకుతుంది. డీటీపీ సెంటర్లలో ఎక్కువగా నడిచేది అను ఫాంట్లు. అవి ఉన్న కంప్యూటర్‌లో తెలుగులా కనిపిస్తాయి. ఆ ఫాంటు లేని చోట తెరిస్తే అర్థంకాని గుర్తుల గుంపు. డబ్బులిచ్చి డీటీపీ చేయించిన స్క్రిప్టు ఫోనులో తెరుచుకోకపోవడానికి కారణం ఇదే. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక ఒత్తులు, సంయుక్తాక్షరాలు ఒకసారి చదివి చూసుకోవాలి. కొత్తగా రాసేది మాత్రం యూనికోడ్‌లోనే రాయాలి. ఫైనల్ డ్రాఫ్ట్ లాంటి ఖరీదైన సాఫ్ట్‌వేర్‌కు కూడా యూనికోడ్ 2018లో వచ్చిన 11వ వెర్షన్‌తోనే చేరింది. ఎవరి దగ్గరో పాత వెర్షన్ దొరికిందని సంబరపడి అందులో తెలుగు రాయబోతే ఫలితం ఉండదు.

రెండోది క్యాపిటల్ లెటర్స్. ఇంగ్లీషు స్క్రిప్టులో పాత్ర పేరు, సీన్ హెడింగ్ క్యాపిటల్ లెటర్స్‌లో రాస్తారు. ఫౌంటెన్ లాంటి పద్ధతుల్లో ఆ క్యాపిటల్స్ చూసే, ఇది పాత్ర పేరు అని కంప్యూటర్ గుర్తుపడుతుంది. తెలుగు లిపిలో చిన్న పెద్ద అక్షరాలు లేవు. కాబట్టి మనం చేత్తో గుర్తు పెట్టి చెప్పాలి. ఎలాగో కింద ఉదాహరణతో చూపిస్తాం.

మూడోది పేజీ లెక్క. ఒక పేజీ అంటే తెర మీద ఒక నిమిషం అని పుస్తకాల్లో, వర్క్‌షాపుల్లో చెబుతుంటారు. ఆ లెక్క 12 పాయింట్ల కూరియర్ ఫాంటు మీద నిలబడింది. అందులో ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు, అంగుళానికి 10 అక్షరాలు. తెలుగులో ‘క’ పట్టే చోటు వేరు, ‘స్త్రీ’ పట్టే చోటు వేరు. కూరియర్‌లో తెలుగు అక్షరాలే లేవు కాబట్టి కంప్యూటర్ దానికి బదులు ఇంకో తెలుగు ఫాంటు తెచ్చుకుంటుంది. పేజీ లెక్క తప్పుతుంది. దీనికి విరుగుడు చాలా చిన్నది. నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటి ఉచిత ఫాంటు ఏదో ఒకటి ఎంచుకుని, స్క్రిప్టు అంతా అదే సైజులో ఉంచండి. మూడు సీన్లు పైకి చదువుతూ ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టండి. డైలాగుల మధ్య నడకకు, మౌనానికి కూడా సమయం వదలండి. మీ పేజీ ఎన్ని సెకన్లో తేలుతుంది. పోటీలకు పంపే చిత్రం 10 నిమిషాలు దాటకూడదంటే ఆ లెక్కే పనికొస్తుంది.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. అది యాస. కీబోర్డులకు, స్పెల్లింగ్ సరిచేసే ప్రోగ్రాములకు తెలిసింది పాఠ్యపుస్తకం తెలుగు. ‘అత్తాండు’ అన్నా, ‘వస్తాండాడు’ అన్నా, ‘వత్తన్నాడు’ అన్నా వాటి దృష్టిలో తప్పే. కింద ఎర్ర గీత పెడతాయి, లేదా అడక్కుండానే ‘వస్తున్నాడు’ అని మార్చేస్తాయి. ఒకటి రెండు సార్లు వెనక్కి తీసుకుంటాం, తర్వాత విసుగొచ్చి వదిలేస్తాం. పేజీ నిండేసరికి వాడలో పుట్టిన పాత్ర న్యూస్ రీడర్‌లా మాట్లాడుతూ ఉంటుంది. బడిలో మాస్టారు దిద్దినట్టే ఇప్పుడు ఫోను దిద్దుతోంది.

స్క్రిప్టు మొదలుపెట్టే ముందే ఫోను కీబోర్డు సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఆటో కరెక్షన్ ఆపేయండి. జీబోర్డులో సొంత నిఘంటువు పెట్టుకునే వీలుంది. మీ ఊరి మాటలు ఒక 50 అందులో చేర్చుకుంటే తర్వాత నుంచి అదే చూపిస్తుంది. మాటతో టైప్ చేసే సౌకర్యం గూగుల్ డాక్స్‌లో తెలుగుకు ఉంది. పెద్దవాళ్ళు చెబుతుంటే గబగబా దించుకోవడానికి బాగుంటుంది. అయితే అది కూడా యాసను మార్చి రాసే ప్రమాదం ఉంది కాబట్టి, ఆడియో విడిగా రికార్డు చేసుకుని, విని సరిచూసుకోవాలి.

మూడో ప్రశ్న: మన ఫోనుకు, మన జేబుకు సరిపోతుందా?

ఎవరి దగ్గర ఏముందో దాన్నిబట్టి చెప్పుకుందాం.

ఫోను మాత్రమే ఉంటే: గూగుల్ డాక్స్‌తోనో, మామూలు నోట్స్ యాప్‌తోనో ఫౌంటెన్ పద్ధతిలో రాయండి. ఆండ్రాయిడ్‌లో డబ్‌స్క్రిప్ట్, జాటర్‌ప్యాడ్ యాప్‌లు ఫౌంటెన్‌ను అర్థం చేసుకుంటాయి. నెట్ లేని చోట కూడా రాసుకోవచ్చు. వారానికి ఒకసారి ఆ ఫైలును మెయిల్ చేసుకుంటే ఫోను పోయినా కథ పోదు.

కాలేజీ ల్యాబ్‌లోనో, స్నేహితుడి దగ్గరో కంప్యూటర్ దొరికితే: స్క్రైట్ చూడండి. బెంగళూరులో తయారైంది. సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తుంది. భారతీయ భాషల్లో రాసేవాళ్ళను దృష్టిలో పెట్టుకునే కట్టారు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడుతుంది. ఒకే సీన్‌లో కలెక్టరు ఇంగ్లీషు, రైతు తెలుగు, పోలీసు ఉర్దూ కలిపిన తెలుగు మాట్లాడాలంటే భాష మార్చుకుంటూ రాయడం ఇందులో తేలిక.

మ్యాక్ ఉంటే: బీట్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. ఫిన్లాండ్‌కు చెందిన ఒక దర్శక రచయిత తయారుచేశారు. ఫౌంటెన్ ఫైలునే నేరుగా వాడుతుంది.

ఇద్దరు ముగ్గురు వేరు వేరు ఊళ్ళలో ఉండి కలిసి రాయాలంటే: రైటర్‌డ్యుయెట్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. మూడు స్క్రిప్టుల వరకు డబ్బు కట్టనక్కర్లేదు. ఎవరు ఏ లైను మార్చారో తెలుస్తుంది. అంత అవసరం లేదనుకుంటే గూగుల్ డాక్స్ చాలు. అందులోనూ మార్పుల చరిత్ర తేదీలతో ఉంటుంది.

ఫైనల్ డ్రాఫ్ట్: హాలీవుడ్ స్టూడియోల్లో ఇదే ప్రమాణం. సాధారణ ధర 200 డాలర్లు, ఆ పైన. విద్యార్థులకు తగ్గింపు ఉంది. పెద్ద నిర్మాణ సంస్థ మీ స్క్రిప్టు కొని, ఎఫ్‌డీఎక్స్ కావాలని అడిగినప్పుడు చూసుకోవచ్చు. మిగతా సాఫ్ట్‌వేర్లూ ఎఫ్‌డీఎక్స్ ఇస్తున్నాయి కాబట్టి అప్పుడు కూడా తప్పనిసరేమీ కాదు. మొదటి షార్ట్ ఫిల్మ్‌కు అంత డబ్బు ఉంటే మంచి మైకు కొనుక్కోండి.

క్రాక్ చేసిన కాపీ ఎవరైనా పెన్‌డ్రైవ్‌లో ఇస్తామంటే వద్దనండి. వైరస్ వస్తే పోయేది మన స్క్రిప్టే. ఉచితంగా దొరికేవి పని జరగడానికి సరిపోతున్నప్పుడు ఆ తలనొప్పి ఎందుకు?

తెలుగులో ఫౌంటెన్: ఒక ఉదాహరణ

గుర్తులు నాలుగే. సీన్ హెడింగ్ ముందు ఒక చుక్క. పాత్ర పేరు ముందు మెయిల్ ఐడీలో వాడే @ గుర్తు. ట్రాన్సిషన్ ముందు > గుర్తు. యాక్షన్ లైనును సాఫ్ట్‌వేర్ ఇంకేదోగా పొరబడితే దాని ముందు ఆశ్చర్యార్థకం. భాగానికీ భాగానికీ మధ్య ఒక ఖాళీ లైను వదలాలి. పాత్ర పేరుకూ దాని డైలాగుకూ మధ్య మాత్రం వదలకూడదు. ఇదిగో ఇలా:

.టీ కొట్టు బయట - పొద్దున

లోపల బల్లల దగ్గర నలుగురు గాజు గ్లాసుల్లో చాయ్ తాగుతున్నారు. బయట అరుగు మీద దుర్గమ్మ (40). కొట్టతను ఆమె ముందు పేపరు గ్లాసు పెడతాడు.

@దుర్గమ్మ
సేటూ, గాజు గ్లాసుల పొయ్యి.

@సేటు
(చూడకుండా)
కడిగినయి లేవు.

@దుర్గమ్మ
అయితే నేనే కడుగుత. ఇటు తే.

లోపల మాటలు ఆగిపోతాయి.

> కట్

ఈ కాస్త ఫైలును ఫౌంటెన్ చదివే ఏ ప్రోగ్రాంలో తెరిచినా పాత్రల పేర్లు మధ్యలోకి, డైలాగులు వాటి కిందికి సర్దుకుంటాయి. పాత ప్రోగ్రాములు కొన్ని @ గుర్తును పట్టించుకోవు. అందుకే నమ్మి రాసేముందు ఇలాంటి చిన్న సీను పెట్టి పరీక్షించుకోవాలి.

పై సీనులోనే ఇంకో విషయం గమనించండి. ‘గ్లాసుల పొయ్యి’ అన్నదాన్ని ఆటో కరెక్షన్ ‘గ్లాసుల్లో పోయి’ అని మార్చితే అర్థమే తారుమారవుతుంది. ‘కడుగుత’ను ‘కడుగుతాను’ చేస్తే ఆ మాటలో ఉన్న మొండితనం పోతుంది. రెండు గ్లాసుల పద్ధతి ఏమిటో ఈ సీన్‌లో ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. గాజు గ్లాసు, పేపరు గ్లాసు యాక్షన్ లైనులోనే పడ్డాయి. స్క్రిప్టు ఫార్మాట్ నేర్పే మంచి అలవాటు అదే: తెర మీద కనిపించనిది రాయకూడదు. ‘దుర్గమ్మ అవమానంతో కుమిలిపోయింది’ అని కథలో రాయొచ్చు, స్క్రిప్టులో కెమెరా పట్టగలిగే పని ఒకటి వెతకాలి.

రాసే క్రమం, లెక్క చూసుకునే పద్ధతి

సాఫ్ట్‌వేర్ తెరవగానే మొదటి సీను డైలాగులు మొదలుపెట్టకండి. ముందు కథ మొత్తం వన్ లైన్ ఆర్డర్ వేయండి. సీనుకు ఒక్క లైను. ఆ లైన్లను కార్డులుగా పరచి వరస చూసుకోండి. ఆ తర్వాతే ఒక్కో సీను విప్పాలి. మొదటి డ్రాఫ్టు పూర్తయ్యాక వాడలోనో, హాస్టల్‌లోనో నలుగురిని కూర్చోబెట్టి పాత్రలు పంచి చదివించండి. నోరు ఎక్కడ తట్టుకుంటుందో అక్కడ డైలాగు దిద్దాలి. తెలుగు చదవడం రాని నటులు ఉంటే వాళ్ళ కోసం డైలాగుల కాపీ ఒకటి ఇంగ్లీషు అక్షరాల్లో తీయాల్సి ఉంటుంది. మూల ప్రతి మాత్రం తెలుగు లిపిలోనే ఉండాలి. ఇంగ్లీషు అక్షరాల్లో ‘ళ’కూ ‘ల’కూ, ‘ణ’కూ ‘న’కూ తేడా మిగలదు.

తర్వాత రిపోర్టులు తీయండి. ముందు లొకేషన్ రిపోర్టు. 12 సీన్ల చిత్రానికి తొమ్మిది లొకేషన్లు ఉంటే ఖర్చు తట్టుకోలేం. కథ చెడకుండా ఏవి కలపొచ్చో కాగితం మీదే తేల్చుకోవచ్చు.

ఆ తర్వాత పాత్రల రిపోర్టు. ఏ పాత్ర ఎన్ని సీన్లలో ఉంది, ఎన్నిసార్లు నోరు విప్పింది అన్నది ఇందులో తెలుస్తుంది. ఫైనల్ డ్రాఫ్ట్ వాళ్ళు జీనా డేవిస్ ఇన్‌స్టిట్యూట్‌తో కలిసి 2019లో ఒక సాధనం చేర్చారు. ఆడవాళ్ళు, నల్లజాతివాళ్ళు, వికలాంగులు, వయసు మళ్ళినవాళ్ళు స్క్రిప్టులో ఎంత ఉన్నారు, ఎంత మాట్లాడారు అని అది లెక్క తీస్తుంది. కులం అనే గడి అందులో ముందే ఉండదు. మనకు ఆ గడి కావాలి. ఖరీదైన సాఫ్ట్‌వేర్ లేకపోయినా ఒక స్ప్రెడ్‌షీట్ చాలు. పాత్ర పేరు, కులం, జెండర్, ఎన్ని సీన్లు, ఎన్ని డైలాగులు, ఎవరితో మాట్లాడింది, చివరికి ఏమైంది. ఏడు గళ్ళు. మన మీద వచ్చిన సినిమా దేన్నైనా ఈ లెక్కలో పెట్టి చూడొచ్చు: దళిత పాత్ర మాట్లాడుతోందా, ఏడుస్తూ నిలబడుతోందా, చచ్చిపోయి కథను ముందుకు నడుపుతోందా? విద్యార్థి సంఘాలు ఫిల్మ్ స్క్రీనింగ్ తర్వాత చర్చకు ఈ పట్టిక పెట్టుకుంటే అభిప్రాయాల దగ్గర ఆగకుండా లెక్కలతో మాట్లాడొచ్చు. ముందు మన సొంత స్క్రిప్టునూ ఇందులో పెట్టి చూడాలి. దళిత స్త్రీ పాత్ర రెండు డైలాగులతో సరిపెట్టుకుంటే అది మనం రాసినా లోపమే.

బాధితుల పేర్లు ఫైలులో పెట్టకండి

మన స్క్రిప్టులు చాలా వరకు జరిగిన ఘటనల నుంచి వస్తాయి. నిజనిర్ధారణకు వెళ్ళి సేకరించిన వివరాలు, ఎఫ్ఐఆర్ కాపీ, తల్లి చెప్పిన మాటలు అన్నీ ఒకే ఆన్‌లైన్ ఫోల్డర్‌లో పడేసి, లింకు గ్రూపులో పెట్టేయడం చాలా ప్రమాదం. లైంగిక దాడి కేసుల్లో బాధితురాలి గుర్తింపును బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్ ఉంది. పేరు రాయకుండా ఊరి పేరు, తండ్రి పేరు, బడి పేరు రాసినా గుర్తింపు బయటపెట్టినట్టే. అట్రాసిటీ కేసుల్లో సాక్షులను బెదిరించడం మనకు తెలియంది కాదు. అందుకే చట్టంలో 15ఏ సెక్షన్ బాధితుల, సాక్షుల రక్షణ కోసం చేర్చారు.

మొదటి డ్రాఫ్టు నుంచే పాత్రలకు వేరే పేర్లు పెట్టండి. ‘తర్వాత మార్చుదాంలే’ అనుకుంటే పాత పేరు ఏదో ఒక వెర్షన్‌లో మిగిలిపోతుంది. అసలు పేర్ల జాబితా కాగితం మీద, ఒక్కరి దగ్గర ఉండాలి. ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్ వాడేటప్పుడు, మనం ఎక్కించిన రాతను వాళ్ళు ఏం చేసుకోవచ్చో వాళ్ళ షరతుల్లో చదవాలి. కృత్రిమ మేధ సౌకర్యాలున్న చోట ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. అనుమానం ఉంటే ఆఫ్‌లైన్‌లో రాసుకోవడమే మేలు.

పేరు, తేదీ, హక్కు

కాపీరైట్ చట్టం 1957 ప్రకారం స్క్రిప్టు రాసిన క్షణం నుంచే హక్కు మనది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. తగాదా వచ్చినప్పుడు సాక్ష్యంగా పనికొస్తుంది. సాహిత్య రచనగా రిజిస్టర్ చేయడానికి కాపీరైట్ ఆఫీసు ఫీజు 500 రూపాయలు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే డైరీ నంబరు వస్తుంది. అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు. హైదరాబాద్‌లో తెలుగు సినీ రచయితల సంఘం, ముంబైలో స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్ తమ సభ్యుల స్క్రిప్టులు నమోదు చేస్తాయి.

ఒక సంగతి స్పష్టంగా తెలుసుకోవాలి. చట్టం ఆలోచనకు రక్షణ ఇవ్వదు, ఆ ఆలోచనను రాసిన తీరుకు ఇస్తుంది. ఆర్.జి. ఆనంద్ అనే నాటక రచయిత తన నాటకాన్ని సినిమాగా తీశారని సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 1978లో తీర్పు ఆయనకు వ్యతిరేకంగా వచ్చింది. ఇతివృత్తం ఒకటే అయినా సినిమా నడక వేరని కోర్టు అంది. కాబట్టి నాలుగు లైన్ల కథ చెప్పి వచ్చినవాళ్ళకు రక్షణ దాదాపు లేనట్టే. సీన్లు, డైలాగులు, పాత్రల నడక వివరంగా రాసి ఉన్నప్పుడే పోల్చి చూపించడానికి ఏదైనా ఉంటుంది. పూర్తి స్క్రిప్టు రాయాలని మేము ఇంతగా చెప్పడానికి ఇదే కారణం.

దీని కోసం కొన్ని అలవాట్లు చేసుకోవాలి.

ప్రతి డ్రాఫ్టుకూ ఫైలు పేరులోనే తేదీ, డ్రాఫ్టు నంబరు పెట్టండి. పాత డ్రాఫ్టు మీద కొత్తది సేవ్ చేయొద్దు. డ్రాఫ్టు పూర్తయిన రోజే పీడీఎఫ్ తీసి మెయిల్ చేసుకోండి.

మొదటి పేజీలో కథ ఎవరిది, స్క్రీన్‌ప్లే ఎవరిది, మాటలు ఎవరివి అని మూడూ విడివిడిగా రాయండి. తెలుగు సినిమాలో ఈ మూడు క్రెడిట్లు వేరు. అమ్మమ్మ చెప్పిన కథ అయితే ఆమె పేరు కూడా అక్కడ ఉండాలి. పెద్దవాళ్ళు మన పేరు వేయలేదని అడిగే ముందు, మనం వేయాల్సిన పేర్లు వేశామా అని చూసుకోవాలి.

ఎవరికైనా నెరేషన్ ఇచ్చి వస్తే, అదే రోజు ‘ఈ రోజు మీకు వినిపించిన స్క్రిప్టు ఇది’ అంటూ పీడీఎఫ్ జతచేసి మెయిల్ పంపండి. మర్యాదగానే ఉంటుంది, రికార్డూ ఉంటుంది.

హక్కులు రాసివ్వమంటే నోటిమాట చాలదు. సంతకంతో రాతపూర్వకంగా ఉంటేనే బదిలీ చెల్లుతుంది. ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్ళకని, ఎక్కడికో రాయకపోతే భారతదేశం వరకని చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. హక్కులు అమ్మేసిన తర్వాత కూడా ఇది నా రచన అని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద రచయితకే మిగులుతుంది.

సాఫ్ట్‌వేర్ ఎంపిక గురించి ఇంకా వారం రోజులు వెతకాల్సిన పని లేదు. ఈ రాత్రి ఫోనులో ఆటో కరెక్షన్ ఆపండి. తలలో తిరుగుతున్న కథలోంచి ఒక్క సీను తీసుకుని, ముందు చుక్క పెట్టి చోటు పేరు రాయండి. @ పెట్టి మొదటి మాట ఎవరిదో వాళ్ళ పేరు రాయండి. వాళ్ళు మీ ఇంట్లో ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడనివ్వండి. ఫైలు పేరులో ఈ రోజు తేదీ వేసి, మీకు మీరే మెయిల్ చేసుకోండి.